ఒక్క సీటున్న డిపార్ట్‌మెంటు

పదవీ విరమణకు రెండేళ్ల ముందు, ఒక వానాకాలంలో, సికింద్రాబాద్‌లోని ఒక బోధనాసుపత్రిలో న్యూరాలజీ శాఖాధిపతిగా చేరాను. ఎంబీబీఎస్, ఆపైన జనరల్ మెడిసిన్‌లో ఎం.డి. ముగించినవాళ్లు మరో మూడేళ్లు డి.ఎం. చదివితేగాని న్యూరాలజిస్టు కారు. మా దగ్గర ఆ సీటు ఏడాదికి ఒక్కటే. అంతకు ముందు రెండేళ్లూ దాన్ని ఎవరూ తీసుకోలేదు. అందుకని రాంగోపాల్‌పేట్ నుంచి వచ్చిన డాక్టర్ సమీనాకు సీనియర్లు లేరు. శనివారం సెమినార్ గదిలో జరిగే కేస్ ప్రెజెంటేషన్‌లో ఆమె నిలబడి చెప్పేది, ఖాళీ కుర్చీల మధ్య కూర్చుని నేనొక్కదాన్నే వినేదాన్ని. నియమం నియమమేనని నా పట్టుదల.

కొన్ని నెలలకే ఆమె రాజీనామా మాటెత్తింది. అల్వాల్‌లో ఒక నర్సింగ్‌హోం వాళ్లు జనరల్ ఫిజీషియన్‌గా రమ్మంటున్నారట. నువ్వు పోతే ఆ సీటు మళ్లీ నిండదని కోప్పడి, నెలాఖరు దాకా ఆగమన్నాను.

ఆ నెలలోనే వార్డులో ఒక టైలర్ చేరాడు. ఉదయం రౌండ్స్‌లో ఏ లోపమూ కనిపించలేదు, స్కాన్‌లోనూ ఏమీ లేదు. నేను విద్యార్థుల పరీక్షలకు ఎగ్జామినర్‌గా వేరే ఊరు వెళ్లాను. మాట్లాడేందుకు తోటివాళ్లు లేని సమీనా సాయంత్రాలు రోగుల పక్కన కూర్చునేది.

"పొద్దుగాల మంచిగనే ఉంట డాక్టరమ్మా. పొద్దుగూకినంక నోరు తిరగదు. ఇంట్లోళ్లు నాటకాలంటున్నరు" అని అతను చెప్పుకొచ్చాడట. చెబుతున్నకొద్దీ మాట ముక్కుతో రాసాగింది, ఒక కనురెప్ప వాలింది. సమీనా గ్లవ్‌లో ఐసు ముక్కలు వేసి రెప్ప మీద కాసేపు ఉంచింది. రెప్ప లేచింది. మయస్తీనియా: వాడేకొద్దీ కండరం అలసిపోయే, చల్లదనానికి కాసేపు కోలుకునే జబ్బు, మందులకు లొంగుతుంది.

తిరిగొచ్చి విన్నాక పొంగిపోయాను. ఇక ఈ అమ్మాయి ఎక్కడికీ పోదనుకున్నాను. ఆమె రాజీనామా పత్రం తెచ్చింది.

"రెప్ప లేవంగనే ఎంత ఖుషీ అయిందో మేడం. సిస్టర్‌కు చెప్తే, మంచిది డాక్టర్, సెలైన్ మార్చాలె అని పోయింది. ఇంకెవరికన్న చూపిద్దామని కారిడార్ అంతా తిరిగిన. ఎవ్వరు లేరు. గిట్ల ఇంకా రెండేళ్ల మీదనే అంటే నాతోని కాదు."

పత్రం అందుకుని సంతకం పెట్టాను. ఆ శనివారం సెమినార్ గదికి వెళ్లబుద్ధి కాలేదు.

రకరకాల రోగులు, గట్టి గురువు ఉంటే శిక్షణ సాగిపోతుందనుకునేదాన్ని. సాగదు. న్యూరాలజీ చదువుతామని ఎవరైనా సలహాకు వస్తే, ప్రొఫెసర్ ఎవరని కాదు, మీతోపాటు ఎవరు చదువుతారో ముందు కనుక్కోమంటున్నాను.