ఎనిమిది మీట పనిచేయని కాలిక్యులేటరు

మా లెక్కల మేష్టారు పోయారు. మంగళవారం పొద్దున్న పాత విద్యార్థుల వాట్సాప్ గ్రూపులో ఎవరో ఆయన ఫోటో పెట్టి, కింద రెండు చేతులు జోడించిన బొమ్మ పెట్టారు. మధ్యాహ్నానికి గ్రూపంతా అవే బొమ్మలు. నేను పెట్టలేదు. ఏడుపు రాక కాదు. ఏడుస్తూ కూర్చున్నాను, బొమ్మ పెట్టబుద్ధి కాలేదు.

ఆదివారం మా హైస్కూల్లో సంతాప సభ. అప్పట్లో మాకు హెడ్మాస్టరుగా చేసి రిటైరైన పెద్దాయన ఫోటోకి దండ వేసి మైకు అందుకున్నారు. "ఆయన పిల్లల్ని కాలిక్యులేటరు ముట్టుకోనిచ్చేవారు కాదు. అంతా నోటి లెక్కే. అలాంటి గురువులు ఇక రారు" అన్నారు. నా పక్కన కూర్చున్న మా నాన్న కూడా తల ఊపాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. చచ్చిపోయిన మనిషి లేచి కాదనలేడని కదా ఇంత ధైర్యం! అందుకే ఆయన తరఫున నేను చెబుతున్నాను, వినండి.

రాష్ట్రం విడిపోక ముందు సంగతి. మేం తొమ్మిదో తరగతి. మేష్టారు క్లాసుకి ఒక బిస్కట్ల రేకు డబ్బా పట్టుకొచ్చేవారు. దాన్నిండా కాలిక్యులేటర్లు. ఒక్కటీ సవ్యంగా ఉండేది కాదు. "పాడైపోయినవుంటే పారీకండి, నాకియ్యండి" అని బజార్లో కొట్టు కొట్టుకీ తిరిగి అడిగి తెచ్చినవి. మా నాన్న కిరాణా కొట్టు నుంచి వచ్చినదానికి ఎనిమిది మీట పనిచేయదు. ఇంకోదానికి గుణకారం గుర్తు పోయింది. బాగుచేయించొచ్చు కదండీ అని నేనడిగితే, "అది బాగైపోతే మరి నీకేటి పనుంటాదిరా?" అన్నారు.

ఆయన పద్ధతి ఇదీ. ముందు జవాబు సుమారుగా ఎంతుంటుందో పెన్సిలుతో కాగితం మీద రాయాలి. రాయకుండా మీట ముట్టుకుంటే డబ్బా మూసేసేవారు. "మిషను తప్పు సెప్తే నీకు తెలవాల. తెలవకపోతే నువ్వు దానికి నౌకరువి" అనేవారు. ఆ తర్వాత, పనిచేయని మీట జోలికి పోకుండా జవాబు రప్పించాలి. మొదట్లో మాకు ఏడుపొచ్చేది. నెల తిరిగేసరికి ఆ డబ్బా కోసం కొట్టుకునేవాళ్ళం.

కళింగపట్నం నుంచి వచ్చే నూకరత్నం నా వెనక బెంచీ. వాళ్ళ నాన్న సముద్రం మీద వేటకెళ్ళేవాడు, అమ్మ చేపలు ఎండబెట్టి అమ్మేది. ఆ పిల్లకి ఎక్కాలు నిలిచేవి కావు. పదమూడో ఎక్కం నాలుగు మెట్లు ఎక్కేసరికి జారిపోయేది. ఆరో తరగతి నుంచీ గోడ దగ్గర నిలబడీ నిలబడీ, తనకి లెక్కలు రావని తనే నమ్మేసింది. ఒకరోజు ఎనిమిది మీట లేనిది దాని చేతికొచ్చింది. నలభై ఎనిమిదిని ఆరుతో గుణించాలి. కాగితం మీద "మూడొందలకి కొంచెం తక్కువ" అని రాసింది. నేనింకా బుర్ర గోక్కుంటున్నాను. అది లేచి, "నలపై తొమ్మిది ఆర్లు సేసీసి, అందులోంచి ఒక ఆరు తీసీసేనండి. రెండొందల ఎనబై ఎనిమిది" అంది. మేష్టారు చాక్‌పీసు బల్ల మీద పెట్టేశారు. "ఒసే, ఇన్నాళ్ళూ ఈ బుర్ర ఎక్కడ దాసీసేవే?" అన్నారు. ఆ పిల్ల నవ్వడం నేను చూసింది అదే మొదలు.

పిల్లలు బళ్ళో మీటలు నొక్కుకుంటున్నారని ఊళ్ళో గోల మొదలైంది. తల్లిదండ్రుల మీటింగు పెట్టించింది మా నాన్నే. కొట్లో మిషను లేనిదే మూడు పొట్లాల ధర కూడలేని మా నాన్న! హెడ్మాస్టరు నూకరత్నాన్ని అందరి ముందూ నిలబెట్టి పదిహేడో ఎక్కం చెప్పమన్నారు. మధ్యలో ఆగిపోయింది. నవ్వారండీ, అంతమంది పెద్దలు, ఒక ఆడపిల్లని నిలబెట్టి!

మేష్టారు లేచారు. "ఎక్కాలొద్దని నానెప్పుడూ అన్నేదు సార్. ఎక్కం రాకపోతే ఆలోసన కూడా రాదనకండి. దానికొక పాడైన మిషనియ్యండి, మీరూ ఒకటి తీసుకోండి. ఎవులు ముందు సేస్తారో సూద్దాం" అన్నారు. హెడ్మాస్టరు కళ్ళెర్రజేశారు. అప్పుడు మేష్టారు నావైపు తిరిగారు. క్లాసులో మొదటి మార్కు నాది. "ఒరే, నువ్వు సెప్పరా. దీనికి లెక్కలొచ్చా, రావా?"

నేను మా నాన్న మొహం చూశాను. నోరు విప్పలేదు.

డబ్బా హెడ్మాస్టరు గదిలో బీరువాలోకి పోయింది. మేష్టారికి ఆరో తరగతి ఇచ్చారు. మాకు వచ్చిన కొత్తాయన నూకరత్నాన్ని మళ్ళీ గోడ దగ్గర నిలబెట్టాడు. దసరా సెలవుల తర్వాత అది బడికి రాలేదు. మేష్టారు సైకిలేసుకుని మూడుసార్లు కళింగపట్నం వెళ్ళారు. మూడోసారి తిరిగొచ్చి నాతో ఒక్క మాట చెప్పారు. "నాకు లెక్కలు రావని అందరి ముందరా తేలిపోనాది కదండి అంటన్నాదిరా." నన్ను తిట్టలేదు. తిడితే బాగుండేది. ఆ తర్వాత ఎక్కడ కనిపించినా "తిన్నావేటిరా" అని ఎప్పట్లాగే అడిగేవారు.

ఇప్పుడు ప్రతివాడి జేబులో ఫోను, అందులో కాలిక్యులేటరు. పిల్లల చేతికి అది ఇవ్వాలా వద్దా అని ఇంకా వాదించుకుంటున్నారు. ఇవ్వండి, కాకపోతే ముందు పెన్సిలివ్వండి. ఇవ్వనంటారా, మానెయ్యండి. ఎక్కం తప్పిన పిల్లని చూసి మాత్రం నవ్వకండి.

సభలో నేను లేచి, "అబద్ధం. ఆ బీరువా తియ్యండి, డబ్బా అందులోనే ఉంటుంది" అని అరిచాను. "ఈ పూట అవన్నీ ఎందుకు నాయనా" అన్నారు పెద్దాయన. మా నాన్న "కూకోరా" అంటూ చెయ్యి పట్టి లాగాడు. విదిలించుకుని బండి తీశాను.

ఇన్నేళ్ళలో మొదటిసారి నూకరత్నం గుమ్మం ముందు నిలబడ్డాను. పదహారేళ్ళకే పెళ్ళి చేసేశారు దానికి. ఇసకలో వల పరిచి చేపలు తిరగేస్తోంది. మేష్టారి కబురు అప్పటికే తెలుసు, కళ్ళు వాచి ఉన్నాయి. "ఆ రోజు నేను చెప్పాల్సింది, నీకు లెక్కలొచ్చని" అన్నాను.

"ఇప్పుడు సెప్తే ఏటొస్తాది?" అంది తలెత్తకుండా. కోపంగానే అంది.

అరుగు మీద దాని కూతురు, ఒకటో తరగతి, పలక ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. పక్కన కాలిక్యులేటరు. ఎనిమిది మీట మీద ఎర్ర బొట్టుబిళ్ళ అంటించి ఉంది. ఇదేమిటమ్మా అని అడిగాను.

"అమ్మ రోజుకో మీట మూసీస్తాది. ముందు పలక మీద రాయాల, నేపోతే ముట్టనివ్వదు" అంది.

నాతో మాట్లాడే తీరిక దానికి లేదు. పలక మీద ఏదో అంకె రాసుకుని, ఒక క్షణం ఆలోచించి, బొట్టుబిళ్ళ పక్కనున్న తొమ్మిది మీద వేలు పెట్టింది.