దున్నేసిన చేను

మా ఆయన్ని ఊళ్ళో అందరూ దువ్వెన అంటారు. నాకేం కోపం రాదు, ఆ పేరు మొదట పెట్టింది నేనే. పెళ్ళయిన కొత్తలో ఆయన మొక్కజొన్న విత్తడం చూశాను. ఆ చివర ఒక మేకు, ఈ చివర ఒక మేకు, మధ్యలో తాడు బిగించి, తాడు వెంబడి జానెడుకొక గింజ. మొలిచాక ఏ మొక్కయినా వరస తప్పితే దాని దగ్గర కూర్చుని బాధపడేవారు. ఇంట్లోనూ అదే వరస. గుమ్మం ముందు చెప్పులు వంకరగా ఉంటే ఆయనకు అన్నం దిగదు. ఆరేసిన చొక్కాలను పొడవు చూసి మళ్ళీ మార్చి ఆరేసే మగవాణ్ణి మీరెక్కడైనా చూశారా? నేను ఇరవై రెండేళ్ళుగా చూస్తున్నాను.

గట్టు అవతల చేను మా మరిదిది. అతని పేరు ఊళ్ళో "రేపు". కలుపు తియ్యవా అంటే రేపు, మందు కొట్టవా అంటే రేపు. ఆ చేను చూస్తే మా ఆయనకు తలనొప్పి, నాకు మాత్రం ప్రాణం లేచివచ్చేది. దాచుకోవడం దేనికి, మా తోడికోడలంటే నాకు మొదటి నుంచీ కుళ్ళు. అది నవ్వితే చాలు, కొట్టువాడు తూకంలో ఒక గుప్పెడు ఎక్కువేస్తాడు. నేను వెళితే గింజ గింజా చూసి తూస్తాడు. ఎవరింటికి వెళ్ళినా ముందు దానికే కుర్చీ. చేను ఒక్క విషయంలోనే నాది పైచేయి.

కోత ఇంకో మూడు వారాలుందనగా వడగళ్ళు పడ్డాయి. మధ్యాహ్నం పూట, మహా అయితే పావుగంట. ఆ పావుగంటలో రెండు చేలూ నేలకు కరుచుకుపోయాయి. మా ఆయన గట్టు మీద నిలబడి చాలాసేపు చూశారు. తెల్లారేసరికి కొడవలి పట్టుకుని బయలుదేరారు.

"కాస్త ఆగండి, అప్పుడే ఏం తొందర?" అన్నాను.

"చచ్చిన పంటని కళ్ళముందు పెట్టుకుని కూర్చోనా? నా వల్ల కాదే," అన్నారు.

మూడు రోజుల్లో పడిన చొప్పంతా కోసి పాలవాడికి మేతకిచ్చేసి, ట్రాక్టరు పిలిచి దున్నించేశారు. నేనూ వంగి వంగి మోళ్ళు ఏరాను. నాలుగో రోజుకి మా చేను ముగ్గు వేసుకోవచ్చన్నట్టు తయారైంది. గట్టు అవతల మరిది చేను ఎలా పడిందో అలాగే ఉంది. నేను ఊరుకుంటానా? "ఏం చెల్లీ, మీ ఆయన రేపు తీస్తాడా, ఎల్లుండా?" అని దెప్పాను. అది నవ్వి ఊరుకుంది.

అయిదో రోజు వ్యవసాయాధికారి వచ్చాడు. పంట నష్టానికి ప్రభుత్వం సాయం ఇస్తోందట, రాసుకోవడానికి వచ్చాడు. పడిపోయిన పంట మధ్యలో రైతుని నిలబెట్టి ఫోనులో ఫొటో తియ్యాలి, అదీ లెక్క. మరిది కళ్ళు నులుముకుంటూ వచ్చి నిలబడ్డాడు. ఫొటో దివ్యంగా వచ్చింది. తర్వాత అధికారి మా వైపు తిరిగి, "ఇక్కడ పంటేదీ?" అన్నాడు.

"దున్నేశామండీ," అన్నారు మా ఆయన.

"మరి నేనేం రాసుకోను? మట్టి ఫొటో తియ్యనా?"

అయిపోయింది. ఒళ్ళు వంచినవాడికి సున్నా, ముసుగుతన్ని పడుకున్నవాడికి సాయం! ఆ డబ్బొస్తే విత్తనాలూ ఎరువులూ కొని మళ్ళీ వేసుకుంటాం. రాకపోతే చేను కౌలుకిచ్చేసి ఆయన గోడౌనులో మూటలు మొయ్యాలి. ఇంత పద్ధతైన మనిషి ఎవడిదో మూట ఎత్తుకుని ఎవడో చెప్పిన చోట పడెయ్యడం తలుచుకుంటేనే నాకు ఏడుపొచ్చింది.

ఆఫీసు వరండాలో జాబితా అంటించారని తెలిసి వెళ్ళాను. తోడికోడలూ వచ్చింది. మరిది పేరు మూడోది. మాది లేదు. పైనుంచి కిందికి రెండుసార్లు చదివాను.

"వెనక ఇంకో కాగితం ఉందేమో అక్కా, చూద్దామా?" అంది అది.

వెక్కిరిస్తోందనుకున్నాను. ఇంటికొచ్చి తలుపేసుకుని, ఎనిమిదో తరగతి దాకా నేర్చిన చదువంతా ఒక కాగితం మీద పెట్టాను. ఫలానా రైతు పంట వడగళ్ళకు పోలేదు, అంతకుముందే కలుపు తినేసింది, సాయం ఇవ్వడం అన్యాయం అని రాశాను. సంతకం పెట్టలేదు. మర్నాడే ఆఫీసు ముందున్న ఫిర్యాదుల పెట్టెలో పడేసి వచ్చాను. కలుపుందన్న మాట నిజం. వడగళ్ళు పడేదాకా పంట నిలబడే ఉందన్న మాట నాకూ తెలుసు.

వారం తర్వాత రెండిళ్ళవాళ్ళనీ ఆఫీసుకు రమ్మన్నారు. ఇరుకు గది, ఒక బల్ల, కిరకిరలాడే ఫ్యాను. అధికారి నా కాగితం పైకి చదివాడు. మరిది మొహంలో నెత్తురు చుక్క లేదు. నేను ఫ్యాను వైపు చూస్తూ కూర్చున్నాను.

"దీనివల్ల మీకూ నష్టమే," అన్నాడు అధికారి మా ఆయనతో. "జాబితా పెట్టిన మర్నాడే మీ తమ్ముడొచ్చి, మా అన్నయ్య చేను కూడా నా చేనుతోపాటే పడిపోయింది, నేను కళ్ళారా చూశాను అని రాసిచ్చాడు. గట్టు పక్క రైతు, జాబితాలో ఉన్నవాడు సాక్ష్యం చెబితే దున్నేసిన చేనునైనా చేర్చొచ్చు. కానీ ఈయన మీదే ఫిర్యాదు వచ్చింది కదా, ఆ సాక్ష్యం చెల్లకుండా పోయింది. పేర్లు చేర్చే గడువు నిన్నటితో సరి."

జన్మలో మొదటిసారి మరిది ఒక పని రేపటికి వదలకుండా చేశాడు. అది మా కోసం.

"మాతో ఒక్క మాటైనా అనలేదేంరా?" అన్నారు మా ఆయన.

"నేనే వద్దన్నాను బావగారూ," అంది తోడికోడలు. "ఆశపెట్టి, తీరా రాకపోతే అక్క బాధపడుతుందని. ఈయన్ని తరిమింది కూడా నేనే."

"సరే, ఇక ఈయన సంగతి," అన్నాడు అధికారి. "రాసినవాళ్ళు వచ్చి వెనక్కి తీసుకుంటే ఇప్పుడే తేల్చేస్తాను. లేదంటే పై ఆఫీసుకు పంపాలి. అక్కడికెళ్ళిన కాగితం తిరిగి రావడం నా సర్వీసులో చూడలేదు."

నిజం చెబుతున్నాను, ఆ క్షణంలో నాకు కాస్త చల్లగా అనిపించింది. నాకు లేదు, దానికీ ఉండదు. నోరు మూసుకుని కూర్చుంటే చాలు, ఇద్దరం సమానం. మా ఆయన లేచి తమ్ముడి భుజం మీద చెయ్యి వేశారు.

"నా చేను సంగతి వదిలెయ్‌రా. నీ పేరు పోకూడదు. ఇంటింటికీ తిరిగి అడుగుదాం. ఎవడు రాశాడో, కాళ్ళు పట్టుకునైనా తీసుకొద్దాం పద."

"ఎక్కడికీ వెళ్ళక్కర్లేదు," అన్నాను. నా గొంతు నాకే వినపడలేదు. మళ్ళీ గట్టిగా చెప్పాను. "నేనే రాశాను. అబద్ధం రాశాను."

అందరూ నా వైపే చూశారు. మా ఆయన కూర్చున్నారు. తిట్టలేదు, కొట్టలేదు, నా మొహం చూడ్డం మానేశారు, అంతే. అధికారి ఒక తెల్లకాగితం నా ముందుకు జరిపాడు. ఈసారి సంతకం పెట్టాను.

బయటికి వచ్చాం. అన్నదమ్ములిద్దరూ ముందు నడుస్తున్నారు. తోడికోడలు నా పక్కకు వచ్చింది. ఇప్పుడు పడతాయి అక్షింతలు అనుకుని సిద్ధంగా ఉన్నాను. పడాల్సినవే కదా.

"అక్కా, డబ్బు రాగానే విత్తనాలు రెండు చేలకీ కలిపే కొందాం," అంది.

తిట్టినా బాగుండేది. పెద్దదాన్ని నేను, ఆ మాట అనాల్సిందీ నేనే. ఆ పెద్దరికం కూడా దానికే దక్కింది.