ఉలి జారిన చేప

రత్నకుమారికి కోపం ముక్కు మీదే ఉంటుందని జర్మనీలోని ఇంగోల్‌స్టాట్‌లో తెలుగువాళ్లందరికీ తెలుసు. "చేత్తో చేసిందంటారు, మరి రెండు పూసలూ ఒకేలా లేవేంటండీ?" అని ఎవరైనా అడిగితే చాలు, "మీ ఇద్దరు పిల్లలూ ఒకేలా ఉన్నారా?" అని మొహాన కొట్టినట్టు అనేసేది. అలా అనిపించుకున్నవాళ్లు మళ్లీ కొనేవాళ్లు కాదు. అయినా ఆవిడ నోరు తగ్గలేదు.

ఆవిడ అమ్మేది కరెన్ వెండి. ఉత్తర థాయిలాండ్ కొండల్లో కరెన్ జాతివాళ్లు సుత్తితో కొట్టి, ఉలితో చెక్కి చేసే వెండి అది. మామూలు నగల వెండి కంటే శుద్ధమైనది, మెత్తనిది. పడిన ప్రతి దెబ్బా దాని మీద నిలిచిపోతుంది. ఆరేళ్లుగా అక్కడి ఒకావిడ దగ్గరే పూసలూ బిళ్లలూ తెప్పించుకుని, డైనింగ్ టేబుల్ మీదే హారాలు గుచ్చి, శనివారం సంతలోనూ ఆన్‌లైన్‌లోనూ అమ్ముతోంది. పార్సిల్ ఆ ఊరి దుకాణం పేరు మీద వచ్చేది, డబ్బూ అక్కడికే వెళ్లేది. ఆడవాళ్లిద్దరూ ఫోన్‌లో వచ్చీరాని ఇంగ్లిషులో ఒకరినొకరు 'సిస్టర్' అనుకునేవాళ్లు.

చేతిపని మీద ఇంత పంతం ఎందుకంటే, రత్నకుమారి కంసాలి బిడ్డ. వాళ్ల నాన్న తెనాలిలో నలభై ఏళ్లు కుంపటి ముందు కూర్చుని ఊదుగొట్టం ఊదాడు. ఆయన చేసిన ప్రతి నగా ఎర్ర మఖమల్ పెట్టెలో, మూత మీద షావుకారు పేరుతో బయటికి వెళ్లింది. ఒక్క పెట్టె మీద కూడా ఆయన పేరు లేదు. ఆఖరికి పోత నగలొచ్చి ఆ పని కూడా పోయింది. ఆ షావుకారు పేరు వింటే ఈనాటికీ ఆవిడకు ఒళ్లు మండుతుంది.

కిందటి శరదృతువులో వచ్చిన పార్సిల్‌లో ఒక చేప బిళ్ల ఉంది. దాంతోపాటు ఒక మెసేజ్: 'తోక దగ్గర ఉలి జారింది సిస్టర్. నచ్చకపోతే పంపెయ్, మళ్లీ చేస్తాను.' తోక పక్కన వెంట్రుక మందాన వంకర గీత. అది చూసి రత్నకుమారికి కళ్లు చెమర్చాయి. ఉలి జారిన రోజున వాళ్ల నాన్న కూడా అన్నం సహించక లేచిపోయేవాడు. చేపను వెనక్కి పంపలేదు, హారంలో గుచ్చింది. భర్త రవీంద్రనాథ్ ఆఫీసులో పనిచేసే విక్రాంత్ దాన్ని తన భార్య ఈషా పుట్టినరోజుకని కొన్నాడు.

ఈ ఏప్రిల్‌లో తెలుగు సంఘం వాళ్లు ఒక స్పోర్ట్స్ హాలు అద్దెకు తీసుకుని మేళా పెట్టారు. రత్నకుమారి టేబుల్ దగ్గర ఈగలు తోలుకునే పరిస్థితి. ఎదురుగా విక్రాంత్ టేబుల్ దగ్గర ఇసకేస్తే రాలనంత జనం. ఏం అమ్ముతున్నాడో చూద్దామని వెళ్లింది.

చేపలు. వరసగా నలభై చేపలు. ఒకటి తీసి వెలుగుకు పట్టింది. తోక పక్కన వంకర గీత. ఇంకోటి తీసింది, అదే గీత. మరోటి, అదే. ఒక మనిషి చెయ్యి ఒక్కసారి జారితే, ఆ జారడాన్ని నలభైసార్లు పోతపోసి పెట్టాడు. పైగా అట్టముక్క మీద 'హ్యాండ్‌మేడ్' అని రాశాడు.

"ఎవడి హ్యాండయ్యా ఇది?" హాలంతా తిరిగి చూసింది.

"అక్కా, మెల్లగా..."

"మెల్లగా ఏంటి? దొంగతనం చేసింది చాలక దానికి సర్టిఫికెట్ కూడానా!"

రవీంద్రనాథ్ పరుగున వచ్చాడు. "రత్నా, అందరూ చూస్తున్నారు."

"చూడనివ్వండి! చూడ్డానికేగా టేబుల్ మీద పరిచాడు."

విక్రాంత్ మొహం ఎర్రబడింది. "స్కాన్ చేయించాను, కాస్టింగ్ చేయించాను. గెవెర్బె, అదే వ్యాపారం, ఆఫీసులో రిజిస్టర్ చేసుకున్నానక్కా, అంతా లీగలే. అయినా మధ్యలో మీకు పోయిందేంటి? మీరు చేసిన చేప కాదుగా ఇది."

"నేను చేశానని ఎప్పుడన్నా చెప్పానా? చేసిన మనిషి ఉంది! ఆవిడ వేళ్లు అరిగాయి దీనికి!"

"ఎవరక్కా ఆవిడ? పేరేంటి?"

రత్నకుమారికి తెలిసిన పేరు ఒకటే: సిస్టర్, అంతే. ఫోన్ తీసింది. అందులో ఆవిడ నంబరు ఉన్నది 'థాయ్ సిల్వర్' అని.

గొడవ చల్లార్చుదామని కాబోలు, పాపం ఈషా తన మెడలోని హారం విప్పి, హ్యాండ్‌బ్యాగ్‌లోంచి దాని పెట్టె తీసింది. "ఇది మాత్రం ఒరిజినలే అక్కా, చూడండి, మీ పేరు కూడా ఉంది" అని చూపించింది. మూత మీద వెండి అక్షరాలతో 'రత్నా సిల్వర్'. పెట్టె ఎర్ర మఖమల్‌ది. ఆ రంగు ఆవిడే ముచ్చటపడి ఎంచుకుంది.

విక్రాంత్ మీది కోపం పోలేదు. కానీ దానికంటే పెద్దది ఇంకోటి పుట్టింది, అది తన మీద. షావుకారును ఇన్నేళ్లు తిట్టిన నోటితో ఇప్పుడు తనను తాను ఏమనుకోవాలి? పెట్టె ఈషా చేతిలోనే వదిలేసి, సైకిళ్ల స్టాండు దగ్గరికి వెళ్లి ఫోన్ చేసింది. అవతల సుత్తి చప్పుడు ఆగింది.

"సిస్టర్, నీ పేరేంటి?"

బెదిరిన గొంతుతో జవాబొచ్చింది:

"ఎందుకు సిస్టర్? పనిలో ఏమన్నా తప్పొచ్చిందా?"