ఇనప కర్రల పార్సిలు

పలాస స్టేషనులో ఆ ముసలాయన పేరు నేను అడగలేదు. పక్కన కూర్చుని, దొరలు బంతి కొట్టే గోల్ఫు కర్రకి కొబ్బరినూనె పట్టిస్తున్నాడు. కర్ర మీద సన్నటి బీట కనబడుతోంది.

"ఇంకెన్నాళ్లొస్తుంది తాతా?" అన్నాను.

"ఇంకేటొత్తాది బాబూ. ఉప్పుగాలికి బీటలిచ్చీసినాది. నూనె రాయడానికే దొరగోరు నన్నెట్టుకున్నారు. ఈ బండికి ఇనప కర్రలొత్తన్నాయి. ఆటికి నూనక్కర్నేదట."

"మరి నువ్వెందుకొచ్చావు?"

"ఆటిని బంగళాకి మోసుకెళ్లాల."

"మోసిన తరవాత?"

ఆయన కర్ర చివరిదాకా నూనె రాశాడు.

బండి వచ్చింది. పొడవాటి పార్సిలు దించారు. దానికి మరకంటకుండా చేతులు తువ్వాలుకి రెండుసార్లు తుడుచుకుని, జాగ్రత్తగా నెత్తికెత్తుకున్నాడు.