సైమన్ దిగిన నీళ్ళు

టెక్కలి ఊరు దాటాక, సంతబొమ్మాళి వెళ్ళే దారికి ఎడం పక్కన, నీలిరాయి తీసి వదిలేసిన క్వారీ గుంత ఒకటి ఉండేది. రాయిలో బీటలు కనపడ్డాయని పని ఆపేసి యంత్రాలు ఎత్తుకుపోయాక, నాలుగు వానాకాలాలకి అది నిండిపోయింది. పశువులు దిగడానికి దారి లేదు, బట్టలుతకడానికి మెట్టు లేదు. ఊళ్ళో ఎవరికీ దానితో పనిలేదు. తొంభై ఎనిమిదిలో పోర్టుబ్లెయిర్ నుంచి తిరిగొచ్చిన సైమన్ ఒక్కడే దాన్ని పనిగట్టుకుని చూడబోయాడు.

ఒక ఆదివారం గుడినుంచి వస్తూ భార్య దోర్కాస్‌ని గట్టు మీద కూర్చోబెట్టి, వీపుకి గాలి సిలిండరు కట్టుకుని, రాతి అంచు మీంచి నీళ్ళలోకి జారాడు. ఆమె చీర కొంగు పళ్ళ మధ్య పెట్టుకుని బుడగలనే చూస్తూ కూర్చుంది. బుడగలు ఒకచోట ఆగాయి, గోడ వెంబడి సాగాయి, మధ్యకి వచ్చాయి. పైకి తేలినవాడు మాస్కు నుదుటి మీదకి తోసుకుని, నవ్వాడు.

"నీళ్ళు అద్దంలాగున్నాయే దోర్కాసూ. అడుగున తుమ్మసెట్టు నిలబడే ఉంది. ఆకు నేదు గానీ కొమ్మలన్నీ ఉన్నాయి. ఇనప నిచ్చెన గోడకి ఆనించినట్టే ఉంది, ఎవడో ఇప్పుడే దిగి ఎల్లినట్టు."

"పాములున్నాయేటి?"

"సేపలున్నాయి. నన్ను సూసి పారిపోనేదు."

సైమన్ తండ్రి ఆ చుట్టుపక్కల క్వారీల్లోనే సుత్తిపని చేసి, రాతిదుమ్ముకి ఊపిరితిత్తులు పాడై, దగ్గి దగ్గి పోయాడు. కొడుకు ఆ పనిలోకి వెళ్ళకూడదని తల్లి పట్టుబట్టి, కంచిలి కూలీలతో కలిపి అండమాను పంపింది. అక్కడ ఇళ్ళు కట్టే పనికని వెళ్ళినవాడు, విదేశీయుల్ని సముద్రం అడుగుకి తీసుకెళ్ళి చూపించే ఒక చిన్న దుకాణంలో పడవ కడిగే పనిలో కుదిరాడు. సిలిండర్లు మోశాడు. మోసేవాడికి దిగాలని ఉండదా? యజమాని, ముసలి బెంగాలీ ఆయన, ఒకరోజు వాడి కళ్ళు చూసి "రా" అన్నాడు. ఆ తర్వాత అయిదారేళ్ళు సైమన్ బతుకు నీళ్ళలోనే గడిచింది. దిగేటప్పుడు ఎంత తొందరపడినా ఫరవాలేదు గానీ ఎక్కేటప్పుడు తొందరపడకూడదు, నీ బుడగకంటే నువ్వు ముందు పైకి చేరకూడదు అని ఆ ముసలాయన రోజూ చెప్పేవాడు. ఆయన దుకాణం మూసేస్తూ ఇచ్చిన రెండు పాత సిలిండర్లు, ఒక మాస్కు తీసుకుని సైమన్ ఇంటికి వచ్చేశాడు. దోర్కాస్ పలాసలో జీడిపప్పు ఫ్యాక్టరీకి వెళ్ళేది. జీడిగింజల నూనెకి ఆమె వేళ్ళ కొసలు నల్లబడి, చర్మం పొరలు పొరలుగా లేచేది.

వచ్చిన దగ్గర్నుంచీ సైమన్‌కి ఒకటే ధ్యాస. ఇక్కడి జనం నీళ్ళ పక్కనే పుట్టి, నీళ్ళ పక్కనే పోతున్నారు, లోపల ఏముందో ఒక్కడూ చూడలేదు. తను చూపిస్తాడు. భావనపాడులో పాండు అనే చేపలవాడు వాడికి చిన్నప్పటి స్నేహితుడు. వరసేమీ లేకపోయినా బావా అంటే బావా అనుకునేవారు. వాడి తెప్ప మీద ఇద్దరూ ఆ తీరమంతా తిరిగారు. వంశధార కలిసేచోట నీళ్ళు చిక్కటి టీలాగా ఉన్నాయి. సోంపేట బీల చిత్తడి మడుగుల్లో దిగితే చెయ్యి చాపితే చెయ్యి కనపడలేదు, పైకొచ్చేసరికి మెడ చుట్టూ నాచు చుట్టుకుంది. నువ్వలరేవు ఎదురుగా సముద్రంలో వలలు తెగే రాతిదిబ్బ ఒకటుంది. శివరాత్రి దాటాక కొన్ని వారాలు మాత్రం అక్కడ నీళ్ళు తేటపడేవి. అప్పుడు దిగి సైమన్ చారల చేపల్ని చూశాడు, రాళ్ళకి పట్టుకుని ఊగే పువ్వుల్లాంటి వాటిని చూశాడు. ఏడాదిలో మిగతా రోజులంతా మసకే.

"బావా, ఇది సూడ్డానికి ఎవులొత్తారు? మాకు సేపలు దొరికితే సాలు, అవి లోపలెలగుంటే ఏటి?" అన్నాడు పాండు.

"వొత్తార్రా. తెలిత్తే వొత్తారు."

క్వారీ దగ్గరికి కొందరు వచ్చారు కూడా. బ్యాంకులో పనిచేసే ఒకాయన, కాలేజీలో పాఠాలు చెప్పే ఒకాయన. నోట్లో గొట్టం పెట్టుకుని, సైమన్ చెయ్యి పట్టుకుని, తుమ్మచెట్టు దాకా వెళ్ళి వచ్చారు. గొప్పగా ఉందన్నారు. మళ్ళీ రాలేదు. సిలిండరు ఖాళీ అయితే నింపడానికి విశాఖ మోసుకుపోవాలి. రైల్లో టికెట్టు కలెక్టరు దాన్ని చూసి గ్యాసుబండ అనుకుని దారిలో ఏదో స్టేషన్లో ఒకసారి దింపేశాడు కూడా. పంక్చరు షాపు గాలి పట్టిస్తే నూనె వాసనకి కడుపులో తిప్పేది. మెల్లమెల్లగా సిలిండర్లు మంచం కిందికి చేరాయి. సైమన్ మేస్త్రి దగ్గర కూలికి వెళ్ళడం మొదలుపెట్టాడు.

తొంభై తొమ్మిది తుఫాను ఉద్దానం మీద పడింది. కొబ్బరిచెట్లు ఒకే దిక్కుకి తలలు పెట్టి పడుకున్నాయి. ఆ గాలికి ఎక్కడిదో సరుకులు మోసే ఇనప బార్జి ఒకటి కొట్టుకొచ్చి, భావనపాడుకి ఎదురుగా, పదిహేను బారల లోతున మునిగింది. అది ఎవరిదో ఎవరూ అడగలేదు. మరో రెండేళ్ళకి ఒక పాత ఇనుము వ్యాపారి వచ్చి, దాన్ని కోసి పైకి తియ్యడానికి నీళ్ళలో దిగేవాళ్ళు కావాలన్నాడు. ఆ చుట్టుపక్కల అలాంటివాడు ఒక్కడే ఉన్నాడు.

సైమన్ సంతోషంగానే వెళ్ళాడు. కూలి గురించి కాదు, మళ్ళీ నీళ్ళలోకి దిగడం గురించి. ఇక్కడ సిలిండర్లు లేవు. పడవలో కంప్రెసరు తిరుగుతుంది, అక్కడినుంచి పొడుగాటి గొట్టం నోటిదాకా వస్తుంది. సిలిండరైతే గాలి అయిపోతోందని పైకి రావాలి. దీనికి ఆ హద్దు లేదు, ఎంతసేపైనా ఉండొచ్చు. లోతులో ఎంత ఎక్కువసేపు ఉంటే ఎక్కేటప్పుడు అంత ఎక్కువసేపు ఆగాలి, ప్రమాదమంతా అక్కడే ఉందని సైమన్‌కి తెలుసు. మొదటివారం రోజుకి ఒక్కసారే దిగాడు, తాడు పట్టుకుని మధ్య మధ్య ఆగుతూ పైకి వచ్చాడు. వ్యాపారి గడియారం చూసుకునేవాడు.

గాలి మళ్ళుతోందని, ఇంకో రెండ్రోజుల్లో సముద్రం లేస్తుందని పాండు చెప్పిన రోజున, బార్జిని నీళ్ళలో నడిపే పంకా ఇంకా కిందే ఉంది. ఇత్తడి పంకా. దానికి గొలుసు తగిలించడానికి సైమన్ రెండుసార్లు దిగాడు, కుదరలేదు. మూడోసారి దిగబోతుంటే పాండు గొట్టం పట్టుకున్నాడు.

"సాలు బావా. ఒగ్గీ. రేపు సూద్దాం."

"రేపు దిగనివ్వదు. నువ్వే సెప్పేవు గదా."

గొలుసు పడింది. పైన పడవ ఊగిసలాడుతోంది, తాడు చేతికి అందకుండా పోతోంది, గొట్టంలోంచి నూనె వాసన ఘాటుగా వస్తోంది. తల తిరుగుతోంది. సైమన్ ఆగాల్సినచోట ఆగలేదు. నేరుగా పైకి వచ్చేశాడు. పంకా కూడా పైకి వచ్చింది. అందరూ దాని చుట్టూ మూగారు.

ఒడ్డున దిగేసరికి ఒళ్ళంతా చీమలు పాకినట్టుంది. భుజం లాగింది. ఇసుకలో నడుస్తుంటే ఎడమకాలి చెప్పు జారిపోయిన సంగతి వెనక్కి తిరిగి చూస్తేగానీ తెలియలేదు. అదేమిటో సైమన్‌కి తెలుసు. అండమానులో ఒక పడవవాడికి అలాగే అయింది. అయినా పాండుకి చెప్పలేదు, ఇంట్లో చెప్పలేదు. తెలిసుండీ చేశానని ఒప్పుకోవాలి కదా. పడుకుంటే పోతుందనుకున్నాడు.

తెల్లారి మంచం దిగబోయి కింద పడ్డాడు. నడుం కిందనుంచి ఏమీ లేదు.

దోర్కాస్ ఆవనూనె మర్దన చేసింది. పక్కింటి బుచ్చమ్మ పావురం రక్తం రాస్తే పక్షవాతం పోతుందని ఎవరిచేతో తెప్పించి రాయించింది. పాస్టరుగారు, సంఘం ఆడవాళ్ళు వచ్చి మంచం చుట్టూ మోకాళ్ళూని ప్రార్థన చేశారు. అప్పుడు గానీ సైమన్ నోరు విప్పలేదు. "ఇది వాతం కాదండి. లోతులోంచి బేగి వొచ్చీసేను. నెత్తుట్లో గాలి చేరింది." టెక్కలి డాక్టరు విని, ఎవరెవరికో ఫోన్లు చేసి, దీనికి మందు లేదు, గాలి నొక్కిపెట్టే గది ఒకటి విశాఖలో నేవీ వాళ్ళ దగ్గరుంది, ఇప్పుడే బయల్దేరండి అన్నాడు. అక్కడ ఆ ఇనప గదిలో పడుకోబెట్టారు, మళ్ళీ మళ్ళీ పెట్టారు. కుడికాలి బొటనవేలు కొంచెం కదిలింది. తెల్లదుస్తుల డాక్టరు దోర్కాస్‌ని పక్కకి పిలిచి మెల్లగా చెప్పాడు, "మొదటిరోజే తెచ్చుంటే బావుండేదమ్మా."

ఆమె ఆ మాట మొగుడితో అనలేదు. సైమన్‌కి అనకుండానే తెలుసు.

తర్వాత బతుకంతా మంచం మీద. మూత్రానికి గొట్టం. వీపున పుళ్ళు. దోర్కాస్ తెల్లారకుండా లేచి, ఒళ్ళు తుడిచి, బోర్లా తిప్పి పడుకోబెట్టి, గంజి పక్కన పెట్టి పలాస బస్సెక్కేది. మధ్యాహ్నం బుచ్చమ్మ వచ్చి ఇటు తిప్పేది. గవర్నమెంటు ఇచ్చిన మూడు చక్రాల బండి వాకిట్లో ఉండేది గానీ ఎక్కి ఎక్కడికి వెళ్ళాలి? సైమన్ వలలు అల్లడం నేర్చుకున్నాడు. అల్లుతూ అల్లుతూ ఆపి, పక్కన పడేసి, గోడవైపు చూసేవాడు.

ఒక వేసవిలో పాండు వచ్చి, అడగకుండానే వాణ్ణి భుజానేసుకుని ఆటో ఎక్కించాడు. క్వారీ అంచున నడుముకి తాడు కట్టి నీళ్ళలోకి దింపాడు. సైమన్ మునగలేదు. చేతులు ఆడించాడు, వెల్లకిలా తేలాడు. తర్వాత, మంచాన పడ్డాక మొదటిసారి, నిలువుగా నిలబడ్డాడు. కాళ్ళు కింద వేలాడుతున్నాయి, అవి ఆనాల్సిన పనిలేదు. ఎవరి సాయమూ లేకుండా తను నిటారుగా ఉన్నాడు.

పుళ్ళు మానిన నెలల్లో, అదొక అలవాటైంది. పాండు వేటకి వెళ్ళని ఆదివారాలు, గుడి అయ్యాక. దోర్కాస్ గట్టున తాడు కొస పట్టుకుని కూర్చునేది. సైమన్ మాస్కు పెట్టుకుని, ముఖం నీళ్ళలో పెట్టి, అడుగుకి చూస్తూ ఉండేవాడు. ఊపిరికి తల ఎత్తడం, మళ్ళీ చూడటం. ఒక్కోసారి తల ఎత్తడం ఆలస్యమయ్యేది.

"మావా," అంది ఒకసారి ఆమె, ఇంటికొచ్చి తల తుడుస్తూ. "నువ్వు కిందకి సూత్తా ఉంటే నాకు భయమేత్తది."

"తాడు నీ సేతిలోనే ఉంది గదే."

"తాడు నా సేతిలో ఉంది. నువ్వు పైకి రావాలనుకోవాలి గదా."

ఆమె ఆ మాట మళ్ళీ ఎత్తలేదు. తుడవడం ఆపలేదు.

నీలిరాయికి బయటిదేశాల్లో గిరాకీ పెరిగిందన్నారు. బీటలున్న రాయి కూడా పోతుందన్నారు. ఎవరో కొత్తగా లీజు తీసుకుని క్వారీ దగ్గర ముళ్ళకంచె వేసి కాపలా పెట్టారు. పెద్ద మోటార్లు పెట్టి నీళ్ళు తోడి పొలాల్లోకి వదిలారు. పాండు సైమన్‌ని బండి మీద తోసుకెళ్ళి కంచె బయట ఆపాడు. అడుగున బురదలో చేపలు కొట్టుకుంటున్నాయి, జనం బుట్టలతో దిగి ఏరుకుంటున్నారు. తుమ్మచెట్టుని అప్పటికే ఎవరో నరికేశారు. పగటి వెలుతురులో అది పెద్ద గొయ్యి, అంతే. లోతు కూడా తను అనుకున్నంత లేదు.

నందిగాం వైపు ఇంకో గుంత ఉందని విని ఒకసారి వెళ్ళారు. నీళ్ళు ఆకుపచ్చగా ఉన్నాయి, కోళ్ళఫారం వాళ్ళు చచ్చిన కోళ్ళని అందులోనే వేస్తున్నారు. దారిలో గతుకులకి మానిన పుండు మళ్ళీ రేగింది. ఆ తర్వాత పాండు ఎప్పుడొచ్చినా నీళ్ళ మాట ఎత్తలేదు. తర్వాత తర్వాత వాడు పారాదీపు బోట్లలో కూలికి వెళ్ళి, రావడమే తగ్గించాడు.

రెండువేల ఎనిమిదిలో ఇద్దరు కుర్రాళ్ళు ఇల్లు వెతుక్కుంటూ వచ్చారు. విశాఖలో సొంత సిలిండర్లున్నాయి వాళ్ళకి. ఈ తీరంలో దిగడానికి మంచి చోట్లు ఎక్కడున్నాయో మీకు తెలుసంట గదా అంకుల్, అని మంచం పక్కన స్టూల్ మీద కూర్చుని మర్యాదగా అడిగారు.

క్వారీ ఉండేదన్నాడు సైమన్. బార్జి ఉండేదన్నాడు. నువ్వలరేవు దిబ్బ గుర్తులు చెప్పబోయాడు గానీ ఒడ్డున ఏ కొబ్బరితోటని చూసి గురి పెట్టేవాడో, ఆ తోట తుఫానులో పోయింది. పాండుకైతే తెలుసు, పాండు ఊళ్ళో లేడు.

"లోతుకెల్తే మెల్లగా పైకి రండి బాబూ," అన్నాడు చివరికి.

వాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. తెలుసండీ, చేతికి కట్టుకునే మిషన్ ఉంది, అదే చెబుతుంది అన్నారు. బిస్కెట్ల ప్యాకెట్టు మంచం మీద పెట్టి, మళ్ళీ వస్తామని వెళ్ళారు. రాలేదు.

సాయంత్రం దోర్కాస్ వచ్చి ప్యాకెట్టు చూసింది.

"ఎవులొచ్చేరు?"

"దారడగడానికొచ్చేరు."

"సెప్పేవా?"

"సెప్పడానికేటుంది?"

ఆమె చెంగుకి చేతులు తుడుచుకుని, దూది, మందు తెచ్చుకుని మంచం మీద కూర్చుంది. నల్లటి వేళ్ళతో భుజం కింద పట్టి వాణ్ణి గోడవైపు తిప్పింది. పుండు ఈమధ్య లోపలికి పాకుతోంది. నొప్పి తెలియనివాడికి మెల్లగా తుడవాల్సిన పనిలేదు, అయినా ఆమె మెల్లగానే తుడిచింది.