బోర్లించిన గంపలు

1961 జూన్‌లో నన్ను కోవూరు వైపు వరి పల్లెల నుంచి మైపాడు పక్కనున్న సముద్రపు పాలేలకు గ్రామసేవికగా బదిలీ చేశారు. గ్రామసేవిక అంటే పంచాయతీ సమితిలో ఆడవాళ్ళ పనులు, పిల్లల పనులు చూసే కింది ఉద్యోగి. మాపైన ముఖ్యసేవిక, ఆమెపైన బ్లాకు డెవలప్‌మెంటు ఆఫీసరు, అంటే బి.డి.ఓ. గారు. నాకప్పుడు ఇరవై నాలుగేళ్ళు. శిక్షణలో పొగరాని పొయ్యి కట్టడం, పాలపొడి ఉండ కట్టకుండా కలపడం, మహిళా మండలి రిజిస్టర్లు రాయడం నేర్పారు. రెండు ఊళ్ళు కొట్టుకుంటుంటే ఏం చెయ్యాలో మాత్రం నేర్పలేదు.

ఆ పాలేల పేర్లు రాయను. నాడు తలలు పగలగొట్టుకున్నవాళ్ళ మనవలు నేడు వియ్యంకులు. ఉత్తరపాలెం, దక్షిణపాలెం అనుకుందాం. మధ్యలో ఉప్పుకాలువ, దాని మీద తాటిమొద్దుల వంతెన. బడి, మూడు నుంచి అయిదేళ్ళ పిల్లల బాలవాడి ఉత్తరపాలెంలో ఉండేవి. బాలవాడిని నడిపేది మహిళా మండలి. అందులో రెండు పాలేల ఆడవాళ్ళూ సభ్యులే. అధ్యక్షురాలు ఉత్తరపాలెం కావమ్మ. నోరు పెద్దది, చెయ్యి ఇంకా పెద్దది. నేను వెళ్ళేనాటికి ఆ మండలి బాగా నడుస్తోంది. ఆ పేరంతా నాకే వస్తుందని లోపల సంబరపడ్డాను.

ఆగస్టులో తగవు వచ్చింది. అలివి వల అని పెద్ద వల ఉంటుంది. తెప్ప మీద తీసుకెళ్ళి సముద్రంలో అర్ధచంద్రంగా వదిలి, రెండు కొసలూ ఒడ్డు నుంచి పాతికమంది లాగుతారు. ఒకే ఉదయం ఒకే చోట రెండు పాలేలవాళ్ళూ వలలు వేశారు. వలలు చిక్కుపడ్డాయి, చినిగాయి, తెడ్లు లేచాయి. ఆ సాయంత్రమే రెండు పాలేల పెద్దకాపులూ దురాయి వేశారు. దురాయి అంటే కులపెద్దలు డప్పు వేయించి చాటే కట్టుబాటు. అవతలి పాలెంతో మాటాడరాదు, నీళ్ళియ్యరాదు, కాలువ దాటరాదు. తప్పితే వెలి. పోలీసు మాట కాదన్నవాళ్ళను చూశాను గానీ, అక్కడ దురాయి కాదన్నవాళ్ళను నేను చూడలేదు.

బడికెళ్ళే పిల్లల సంగతి ఆ దురాయిలో ఎవరూ తలచలేదు. రెండో రోజున దక్షిణపాలెం పిల్లలు మామూలుగా వంతెన ఎక్కారు. అవతలి నుంచి రాయి వచ్చింది. మూడో తరగతి చదివే మస్తానమ్మకు కనుబొమ్మ మీద తగిలి చీరుకుపోయింది. వేలెడు కిందికి తగిలివుంటే కన్ను పోయేది. ఇక ఆ పాలెం పిల్లల్లో ఒక్కరూ కాలువ దాటలేదు. బడికి, బాలవాడికి కలిపి పదిహేడు మంది. పాలు లేవు, పలక లేదు. మగపిల్లలు గులకరాళ్ళు పోగుచేసి కాలువగట్టున కాపలా కూర్చోవడం మొదలుపెట్టారు.

నాకు తెలిసిన పని నేను చేశాను. దక్షిణపాలెంలో వేరే బాలవాడి, వేరే ఏకోపాధ్యాయ బడి కావాలని మూడు ప్రతుల్లో ప్రతిపాదన రాసి, ముఖ్యసేవిక గారి ద్వారా పంపాను. బి.డి.ఓ. గారు మెచ్చుకున్నారు. మంజూరు ఖాయమన్నారు. ఆ మాట మోసుకుని మస్తానమ్మ తల్లి ఆదెమ్మ ఇంటికి పరుగున వెళ్ళాను. ఆమె చేపలకు ఉప్పు పట్టిస్తోంది. తల ఎత్తకుండానే విన్నది.

"బాగుండాదమ్మా. మీరు రెండో బడి కట్టిస్తే మా పిలకాయలకి కాలవ దాటే పనే ఉండదు. అప్పుడు ఈ కొట్లాట వాళ్ళ బిడ్డలదాకా పోద్ది. దానికి సర్కారోళ్ళు గోడలు కూడా కట్టిస్తుండారే!" అన్నది.

నా ముఖం మాడిపోయింది. మరేం చెయ్యమంటావని ఉక్రోషంగానే అడిగాను. "రేపు పొద్దున రోడ్డు తూము కాడికి రా" అని మళ్ళీ ఉప్పు చేతికి తీసుకుంది.

మర్నాడు వెళ్ళి చూద్దును గదా, టౌనుకు చేపలు తీసుకెళ్ళే ఆడవాళ్ళు రెండు పాలేల నుంచీ వచ్చి తూము గోడ మీద వరసగా కూర్చుని ఉన్నారు. కావమ్మ సంచిలోంచి ఆదెమ్మ ఆకూ వక్కా తీసుకుంటోంది! దురాయి పాలెం పొలిమేర దాకానే. రోడ్డెక్కితే వర్తించదు. ఆడవాళ్ళు ఒక్క రోజు కూడా మాటలు మానలేదు. మండలి సమావేశాలు జరగడం లేదని నేను నెలవారీ నివేదికలో రాసిన రోజుల్లో కూడా, ఆ తూము మీద రోజూ జరుగుతూనే ఉన్నాయి. నాకు సిగ్గూ నవ్వూ కలిసి వచ్చాయి.

వాళ్ళ ఆలోచన అప్పటికే తయారుగా ఉంది. వేట మగవాళ్ళది, గంప ఆడవాళ్ళది. ఒడ్డుకు వచ్చిన చేపను మగవాడు తలకెత్తుకుని అమ్మబోవడం ఆ పాలేలలో లేదు. చేస్తే నవ్వులపాలు. "మేము దురాయి తప్పేది లేదు. గంప ఎత్తమని మాత్రం ఏ దురాయీ లేదు గదా" అన్నది కావమ్మ. నేనూ వస్తానన్నాను. "నువ్వు రావాకమ్మా. నువ్వుంటే వాళ్ళు నీతో మాట్టాడతారు, మాతో మాట్టాడరు" అని ఖండితంగా చెప్పింది.

అందుకని సరుగుడు తోట పక్కన నిలబడి చూశాను. మర్నాడు ఉదయం తెప్పలు ఒడ్డుకు చేరాయి. ఆ రోజు వేట బాగా పడింది. కాలువకు ఇటూ అటూ ఇసుకలో గంపలన్నీ బోర్లించి ఉన్నాయి. ఒక్కో గంప మీద ఒక్కో ఆడమనిషి, ఒళ్ళో బిడ్డ. మగవాళ్ళు ముందు ఎగతాళి చేశారు, తర్వాత తిట్టారు, ఆ తర్వాత బతిమాలారు. ఎండ ఎక్కింది, కాకులు దిగాయి. ఉత్తరపాలెం పెద్దకాపు వచ్చి ఏం కావాలని అడిగాడు.

"రాయి ఇసిరినోడు మన పాలెమోడే పెద్దకాపూ. ఆ బిడ్డ బాలవాడిలో నా చేతి పాలు తాగింది. బడికి పొయ్యే పిలకాయల జోలికి ఎవుడూ రాకూడదని దురాయి ఎయ్యి. అవతల కూడా ఏపిచ్చు. అప్పుడు ఎత్తుతాం" అన్నది కావమ్మ. అవతలి గట్టున ఆదెమ్మ తమ పెద్దకాపుకు అదే మాట చెబుతోంది. రెండు గట్ల మీదా చేప ఒకేలా చెడిపోతోంది. పెద్దలిద్దరూ కాలువకు చెరోవైపు నిలబడి, ఒకరినొకరు చూసీ చూడనట్టు తలలూపారు.

మధ్యాహ్నానికి రెండు పాలేలలోనూ డప్పు మోగింది. బడి పిల్లల మీద చెయ్యి లేపినవాడు ఏ పాలెంవాడైనా వెలి అని చాటారు. పిల్లలను వంతెన దాటించడానికి పాలేనికొక ఆడమనిషి రోజూ వంతు కాయాలన్నది కూడా అందులోనే కలిపారు. ఆడవాళ్ళంతా ఒక్కసారిగా గంపలు తిప్పారు. తోట పక్కన నేను చప్పట్లు కొట్టాను, ఉద్యోగినిననే మాట మరిచి.

మర్నాడు కావమ్మ, ఆదెమ్మ తొలి వంతు తీసుకున్నారు. నుదుటి కట్టుతో మస్తానమ్మ ముందు నడిచింది. రాళ్ళు పోగుచేసిన పిల్లలే ఆమె వెనక పలకలు పట్టుకుని వచ్చారు. పదిహేడు మందికీ హాజరు వేశాను. అంత సంతోషం నాకు ప్రమోషన్ వచ్చిన రోజున కూడా కలగలేదు.

వల తగవు తీరడానికి ఇంకో రెండేళ్ళు పట్టింది. ఆ రెండేళ్ళలో తెడ్లు మళ్ళీ లేచాయి. వంతెన మీద మాత్రం ఒక్క రాయి పడలేదు.

మంజూరు కాబోతున్న ప్రతిపాదనను వెనక్కి తీసుకుంటానని రాస్తే బి.డి.ఓ. గారు మండిపడ్డారు. పిల్లలు బడికి వస్తున్నారు, రెండో బడి అవసరం లేదు అని రెండు వాక్యాల సంజాయిషీ ఇచ్చాను. తర్వాత నేను ముఖ్యసేవికనయ్యాక కొత్తగా వచ్చిన ప్రతి గ్రామసేవికకూ ఒకటే చెప్పేదాన్ని: తగవున్న ఊరికి వెళితే కాగితం తీసేముందు, అక్కడి ఆడవాళ్ళు ఇంకా ఎక్కడ మాట్లాడుకుంటున్నారో కనుక్కో. ఇరవై తొమ్మిదేళ్ళ ఉద్యోగంలో నేను వెనక్కి తీసుకున్న ప్రతిపాదన అదొక్కటే. మంజూరు చేయించుకున్నవాటిలో అంతకన్నా మంచిది ఒక్కటీ లేదు.