ఇంటర్‌కూలర్‌లో రజను

ఆ వీధి చివరి షెడ్డులో కార్లు బాగుచేసే ఆయన్ని అందరూ జల్లెడ మేస్త్రి అంటారు. ఇంజన్ ఆయిల్ దగ్గర్నుంచి తాగే టీ దాకా దేన్నయినా ఒకటికి రెండుసార్లు వడకడితే గానీ ఆయనకు తృప్తి ఉండదు. "చుట్టాల్ని కూడా అలాగే వడకట్టారు. చివరికి మనమిద్దరమే మిగిలాం" అని భార్య దెప్పుతూ ఉండేది. ఆమె పోయి కొన్నేళ్ళయింది. ఇప్పుడు ఆ ఇద్దరిలో ఒకరే. షెడ్డు వెనక గదిలోనే వంట, పడక. రేడియో పాడైనా బాగుచేసుకోలేదు. అందులోవాళ్ళు చెప్పడమే గానీ మనం చెప్పింది వినరని ఆయన ఫిర్యాదు.

వచ్చిపోయేవాడు బావమరిది ఒక్కడే. ట్యాక్సీ నడుపుతాడు. నోరు పెద్దది గానీ మనసు చెడ్డది కాదు. అక్క ఉన్నప్పుడు వారం వారం వచ్చేవాడు, ఇప్పుడు బండి మొరాయిస్తేనే వస్తున్నాడు. ఈసారి దాన్ని ఇంకో కారుకు తాడుతో కట్టించి లాక్కొచ్చాడు.

మేస్త్రి గొట్టం ఊడదీసి టర్బోలోకి టార్చి వేశాడు. గాలిని లోపలికి తోసే చిన్న చక్రం రెక్కలు ఎలుకలు కొరికినట్టున్నాయి.

"కొత్త టర్బో బిగించెయ్ బావా. కిరాయిలు పోతున్నాయి."

"బిగించడానికి ఎంతసేపురా? ఊడిన ముక్కలు ఎక్కడ దాక్కున్నాయో అది చూడాలి."

టర్బో తోసిన గాలి నేరుగా ఇంజన్‌లోకి పోదు. దారిలో ఇంటర్‌కూలర్ అనే జాలీ పెట్టెలో చల్లబడి వెళుతుంది. చక్రం చితికినప్పుడు రాలిన అల్యూమినియం రజను, ఆయిల్ జిడ్డుతో కలిసి ఆ పెట్టె సందుల్లో అతుక్కుంటుంది. దాన్ని వదిలేసి కొత్త టర్బో పెడితే, గాలి ఊపుకు రజను కదిలి ఇంజన్‌లోకి పోయి, సిలిండర్ గోడల్ని గీకి పారేస్తుంది. ఇక ఇంజన్ మీద ఆశ వదులుకోవలసిందే. పెట్టె మార్చేయడం మేలు, కానీ ఇంత పాత బండికి కొత్తది రావడం మానేసింది. కడగడమే గతి.

మేస్త్రి పెట్టెను విప్పి, గాలి బయటికి వచ్చే వైపు నుంచి కిరోసిన్ పోసి, బాగా ఊపి, తెల్లగుడ్డ కట్టిన బేసిన్‌లోకి వంచాడు. గుడ్డ నిండా వెండిపొడి చల్లినట్టు మెరిసింది. మళ్ళీ పోశాడు, మళ్ళీ వంచాడు. బావమరిది బోర్లించిన డబ్బా మీద కూర్చుని వాగుతూనే ఉన్నాడు. బేరమాడే ప్రయాణికులు, అత్తగారి సాధింపులు, చిన్నప్పుడు అక్క తన పలక పగలగొట్టి నేరం పిల్లి మీదికి తోసిన సంగతి. ఆమె మాట ఇంకో నోట విని ఎన్నాళ్ళయిందో. మేస్త్రి చేతులు తమ పని తాము చేసుకుపోయాయి, మనసు మాత్రం ఆ పలక దగ్గరే ఆగిపోయింది.

మర్నాటికి కొత్త టర్బో బిగించడం అయింది, గుడ్డ కూడా తెల్లగా వచ్చింది.

"హమ్మయ్య, అయిపోయినట్టేగా?"

"ఇవాళంతా ఆరాలి. జిడ్డు ఆరితే లోపలిది వదులవుతుంది. రేపు తట్టి ఇంకోసారి కడగాలి."

"నాకు తెలుసులే బావా. పలకరించే దిక్కు లేక, బండిని అడ్డం పెట్టుకుని నన్ను కూర్చోబెడుతున్నావు!"

నవ్వుతూనే అన్నాడు. మేస్త్రి కూడా నవ్వబోయాడు గానీ మొహం సహకరించలేదు. పెట్టె తీసుకెళ్ళి బండికి బిగించేశాడు. గొట్టాలు తగిలించాడు, క్లిప్పులు బిగించాడు.

"అద్దీ! ఇప్పుడు దారికొచ్చావు."

మేస్త్రి సీట్లో కూర్చుని తాళంచెవి పెట్టాడు గానీ తిప్పలేదు. ఇంకోసారి కడగాలన్నది ఇంజన్ కోసమా, రేపు కూడా ఆ డబ్బా మీద మనిషి ఉంటాడనా? ఎంత తవ్వుకున్నా తేలలేదు. ఇదే ముక్కూమొహం తెలియనివాడి బండి అయితే? కడిగేవాడు. ఆ ఒక్కటీ తేలింది.

కిందికి దిగి, పెట్టె మళ్ళీ విప్పడానికి స్పానర్ అందుకున్నాడు.

"నువ్వన్నది నిజమేరా. నువ్వుంటే నాకు బాగుంది. అయినా ఇంకోసారి కడగాలి."

బావమరిది చెప్పుల వంక చూసుకున్నాడు. "సరే, రేపు సాయంత్రం వస్తాలే" అని గొణిగి వెళ్ళిపోయాడు.

మర్నాడు మేస్త్రి ఒక్కడే కర్రసుత్తితో పెట్టెను నెమ్మదిగా తట్టి, కిరోసిన్ పోసి వంచాడు. గుడ్డ మధ్యలో ఏదో తళుక్కుమంది. నువ్వుగింజలో సగం కూడా లేదు.

"చూశావా!" అని తలెత్తాడు.

షెడ్డులో ఎవరూ లేరు.

గుడ్డ తెల్లబడేదాకా కడిగాడు. తెల్లబడ్డాక మరోసారి కడిగాడు. ఈసారి అనుమానించేవాళ్ళెవరూ లేరు.

సాయంత్రం బావమరిది వచ్చాడు గానీ కూర్చోలేదు. "ఏమన్నా పడిందా బావా?"

గుడ్డ పక్కనే ఉంది. చూపిస్తే తన మాట గెలుస్తుంది. కానీ 'నువ్వుంటే నాకు బాగుంది' అని నిన్న అంత కష్టపడి ఒప్పుకున్న మాట తేలికైపోతుంది. "పడిందిలే, కాస్త" అని గుడ్డ మడతపెట్టాడు.

బండి ఒక్క తిప్పుకే అందుకుంది. బావమరిది మొహం వెలిగింది. అద్దం దించి, "మళ్ళీ ఎప్పుడు తీసుకురమ్మంటావు?" అన్నాడు.

"ఆయిల్ వేళకు మార్చుకో. ఆపేముందు ఇంజన్‌ని కాసేపు ఊరికే తిరగనివ్వు" అన్నాడు మేస్త్రి. బానెట్ మూసి, "అలా చూసుకుంటే చాలా ఏళ్ళదాకా తేనక్కర్లేదు" అన్నాడు.

అందులో అబద్ధమేమీ లేదు.